అమరావతిలో ఉసిరిచెట్టు కోసం

అమరావతి పేరు చెప్పగానే ఇప్పటివారికి రాజధాని, స్థలాల ధరలు, వెడల్పాటి రోడ్లు గుర్తుకు వస్తాయి. నేను చెప్పబోయేది అంతకు ముందటి అమరావతి గురించి. తొంభైల చివరి సంవత్సరాల్లో అది కృష్ణ కుడిగట్టున ఒక చిన్న ఊరు. నది ఒడ్డున మిట్టమీద శివాలయం, దాని ముందునుంచి సాగే ఒక పొడవాటి వీధి, ఆ వీధి దాటాక మ్యూజియం, మ్యూజియానికి కూతవేటు దూరంలో గడ్డి మొలిచిన స్తూపం దిబ్బ. వీటి మధ్య ఏ తొందరా లేకుండా బతికే జనం. రెండువేల ఏళ్ళ చరిత్ర గల ఊరే అయినా, మధ్యాహ్నం దాటితే చల్లని సోడా దొరకటం అనుమానమే.

ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న కాలంలో పిల్లలను వెంటబెట్టుకుని ఆ ఊరికి చాలాసార్లు వెళ్ళాను. విహారయాత్రను కూడా పరీక్షలాగే నిర్వహించాలని నా అభిప్రాయం. ఎప్పుడు బయలుదేరాలి, ఏది ముందు చూడాలి, ఎవరు ఎవరి పక్కన నడవాలి అన్నవి ముందే తేల్చుకోకపోతే యాత్రలో చరిత్ర మిగలదు, పులిహోర మాత్రమే మిగులుతుంది. పదవీ విరమణ తరవాత విజయవాడలో మా కాలనీ సంఘానికి నన్ను కార్యదర్శిని చేశారు. కార్తీక వనభోజనాలను కంకిపాడు దగ్గరి మామిడితోటనుంచి తప్పించి అమరావతికి మార్చాలన్నది నేను ప్రవేశపెట్టిన మొదటి సంస్కరణ. కంకిపాడులో జరిగేది పేకాట, మధ్యలో భోజనం. అమరావతిలో అయితే లాంచి ప్రయాణం, నదీస్నానం, దైవదర్శనం, మ్యూజియం, స్తూపం, ఆపైన భోజనం. ఈ క్రమాన్ని సమావేశంలో వివరించి చెప్పాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఎవరూ వినలేదని తరవాత తెలిసింది.

వనభోజనానికి వనం కన్నా ముఖ్యమైనది ఉసిరిచెట్టు. కార్తీకమాసంలో ఒక్కపూటైనా దాని నీడన కూర్చుని తినాలని ఆచారం. చాలామందికి అది వీలైతే పాటించే సంగతి. మా పెద్దక్కయ్యకు మాత్రం అలా కాదు. కాపురానికి వచ్చిన ఏటినుంచి ఆవిడ ఒక్క కార్తీకమూ తప్పలేదు. ఆ రోజు తెల్లవారి లేచింది మొదలు, చెట్టు కింద విస్తరి వేసేదాకా మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టదు. కాఫీ కూడా ముట్టదు. మా అక్కయ్యకూ కాఫీకీ ఉన్న అనుబంధం తెలిసినవారికి ఆ నియమం ఎంత గట్టిదో వేరే చెప్పనక్కరలేదు.

ఆ ఏడు ఆవిడకు అన్నీ అడ్డం వచ్చాయి. మా పేటలో మిగిలిన ఒక్క ఉసిరిచెట్టూ వేసవిలోనే అపార్టుమెంటు పునాదులకు బలైంది. కార్తీకం మొదట్లో ముసురు పట్టింది. మధ్యలో బావగారి దాయాదుల ఇంట మైల. మా ప్రయాణం నాటికి మిగిలింది ఆఖరి ఆదివారం. మర్నాడు అమావాస్య, దానితో నెల సరి. అమావాస్యనాడు వనభోజనమంటే ఆవిడ ఒప్పుకోదు. కనుక అక్కయ్య నియమం నిలిచేదీ తప్పేదీ ఆ ఒక్క రోజున, ఆ ఒక్క ఊళ్ళో తేలాలి. పైగా ఆవిడకు రక్తపోటు. ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంచవద్దని డాక్టరు నాకు చెప్పాడు. ఆ మాట ఆవిడకే చెప్పే ధైర్యం ఆయనకూ లేకపోయింది.

చెట్టు చూసివచ్చే బాధ్యతను మా పక్కింటి గార్డుగారికి అప్పగించాము. ఆయన గూడ్సు రైళ్ళకు గార్డుగా పనిచేసి రిటైరైన మనిషి. కలుపుగోలుతనం ఎక్కువ, నిదానం తక్కువ. ముందు వారమే బస్సులో అమరావతి వెళ్ళి, నది ఒడ్డున ఒక తోట మాట్లాడి వచ్చారు.

"చెట్టు ఉన్నదా?" అని అడిగాను.

"ఉందండి మాస్టారూ. గొడుగు పట్టినట్టుంది. నేనే కింద నిలబడి చూశాను" అన్నారు.

అంతకన్నా ఎక్కువ ఏ పరిశీలకుడూ చెప్పడు. నేను నమ్మాను.

ఆదివారం ఉదయం బ్యారేజికి ఎగువన ఉన్న రేవులో అందరమూ లాంచి ఎక్కాము. పెద్దలూ పిల్లలూ కలిసి నలభైమంది. ఇద్దరు వంటవాళ్ళు, వారి గంగాళాలు, గరిటెలు, కందగడ్డలు, బచ్చలికట్టలు. బావగారికి లాంచి పడదు కనుక ఇంటి దగ్గరే ఉండిపోయారు. లాంచి కొండల నీడ దాటి విశాలమైన నీటిలోకి వచ్చేసరికి ఎండ పొడ తగిలింది. కుడివైపు దూరాన థర్మల్ స్టేషను పొగగొట్టాలు, ఎడమవైపు అరటితోటలు, నడుమ లంకల ఇసుక మీద ఒంటికాలిమీద నిలబడ్డ కొంగలు. అందరూ ఇడ్లీ పొట్లాలు విప్పారు. అక్కయ్య లాంచి ముందుభాగాన చాపమీద కూర్చుని, పొట్లాలకు వీపుపెట్టి నదిని చూస్తూ ఉన్నది.

"అక్కయ్యగారూ, మంచినీళ్ళన్నా తాగండి" అన్నారు గార్డుగారు చట్నీ చేత్తోనే.

"తాగాలే. మీ ఇడ్లీ అయిపోయిందా, ఇంకా ఉందా?"

"ఇంకోటుందండి."

"అయితే అవతలికి పోయి తినండి."

అమరావతి రేవులో దిగి, స్నానాలు, దర్శనం అనుకున్న క్రమంలోనే ముగించాము. అంతవరకు ఎవరూ తప్పిపోలేదు, ఎవరి చెప్పులూ పోలేదు. తృప్తిగా తోటకు నడిచాము. వంటవాళ్ళు అప్పటికే గాడిపొయ్యి తవ్వి మంట వేశారు. తోట చివర, గార్డుగారు చెప్పినట్టే, గొడుగులాంటి చెట్టు ఉన్నది. లేత వయసు చెట్టు. ఈకల్లాంటి సన్నని ఆకులు. అక్కయ్య దాని కిందికి వెళ్ళి, తల ఎత్తి కొమ్మలన్నిటినీ ఒకసారి చూసింది. ఒక ఆకు తుంచి వేళ్ళ మధ్య నలిపి వాసన చూసింది.

"తమ్ముడూ, ఈ చెట్టుని చూసొచ్చిందెవరు?"

"గార్డుగారు."

"ఆయన్ని ఇలా రమ్మను."

గార్డుగారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

"ఇదేం చెట్టండీ?" అని అడిగింది అక్కయ్య.

"ఉసిరండీ. ఆకులు చూశారా, ఎంత సన్నగా ఉన్నయ్యో."

అక్కయ్య ఆయన చేతిలో ఒక రెమ్మ పెట్టింది. "కాస్త నమలండి."

ఆయన నమిలారు. ముఖం ముడుచుకున్నది.

"పుల్లగా ఉందండీ."

"ఉసిరికి పులుపు కాయలో ఉంటుంది. ఆకులో ఉంటే దాన్ని చింత అంటారు. పచ్చజెండా ఊపేప్పుడు కూడా ఇలాగే చూసి ఊపేవారా?"

"గూడ్సు బండ్లండీ మావి. వాటిలో మనుషులుండరు" అన్నారు గార్డుగారు నెమ్మదిగా.

జనం మూగారు. సన్నని ఆకులు చూసి చింతను ఉసిరి అనుకోవటం పట్నంలో పుట్టి పట్నంలో ముసలివాళ్ళయిన మాబోటివారికే చెల్లుతుంది. అక్కయ్య తప్ప ఆ నలభైమందిలో ఒక్కరైనా దాన్ని చింతగా గుర్తించలేదు, నేను కూడా. ఇక సలహాలు మొదలయ్యాయి. నీడ ఎవరిదైనా నీడేనన్నారు ఒకరు. గుడి దగ్గర పూజకు ఉసిరికొమ్మలు అమ్ముతున్నారు, ఒకటి తెచ్చి నేలలో పాతితే చెట్టుతో సమానమేనన్నారు మరొకరు. ఆ మాటకు ఆధారం ఉన్నది. చెట్టు లేని చోట అలా చేసేవాళ్ళను నేను చూశాను. అందుచేత అదే ప్రతిపాదనను అక్కయ్య ముందు పెట్టాను.

"కొమ్మ కింద కూర్చోవటానికి నేనేం చీమనట్రా?" అన్నది.

ఆ తరవాత గొంతు తగ్గించి, నాకు మాత్రమే వినపడేట్టు చెప్పింది: "మీరందరూ తినండి. పిల్లల్ని ఆపకండి. చెట్టు దొరికితే నేనూ తింటాను. దొరక్కపోతే ఇంటికెళ్ళి మంచినీళ్ళు తాగి పడుకుంటాను. ఇన్నేళ్ళూ తప్పనిది నీ కార్యదర్శిగిరీలో తప్పిందని మీ బావకి మాత్రం నువ్వే చెప్పుకో."

ఆవిడ ముఖం అప్పటికే కొంచెం వాడి ఉన్నది. లాంచి సాయంత్రం చీకటి పడకముందే బయలుదేరాలి. వంట పూర్తి కావటానికి ఇంకా వ్యవధి ఉన్నది. ఆ వ్యవధిలో ఊళ్ళో ఎక్కడో ఒకచోట ఉసిరిచెట్టు వెతికి తీరాలని నిశ్చయించాను. గార్డుగారు తానూ వస్తానన్నారు. అక్కయ్య కూడా లేచి నిలబడింది.

"ఎండలో నువ్వెందుకు?" అన్నాను.

"ఈసారి చెట్టుని నేనే చూసి ఒప్పుకుంటాను. నీ మనుషుల్ని నమ్మను."

ముందు గుడి వీధికి వెళ్ళాము. దుకాణాల ముందు బుట్టల్లో ఉసిరికాయలు రాశులుగా పోసి ఉన్నాయి. కాయలు ఉన్నచోట చెట్టు ఉండటం న్యాయమని ఒక దుకాణదారిణిని, "ఇవి ఏ తోటవమ్మా?" అని అడిగాను.

"తోటేందండీ, బెజవాడ మార్కెట్టువి. పొద్దున్నే మొదటి బస్సుకి దిగినయ్" అన్నది ఆమె.

మేము చెట్టు కోసం విజయవాడనుంచి వచ్చాము. కాయలు మా కన్నా ముందే, మా కన్నా చవకగా, అక్కడినుంచే వచ్చాయి. గార్డుగారు నవ్వబోయి అక్కయ్య వైపు చూసి మానుకున్నారు.

మ్యూజియం ఆవరణలో చెట్లు ఎక్కువ అని నాకు గుర్తు. అటు నడిచాము. ఆవరణలో వేప, కానుగ, నందివర్ధనం, క్రోటన్లు. ఉసిరి లేదు. ఎలాగూ వచ్చాము కదా, లోపల చల్లగా ఉంటుంది, అక్కయ్య కాసేపు కూర్చుంటుందని టిక్కెట్లు తీసుకున్నాను. అక్కయ్య కూర్చోలేదు. లేత ఆకుపచ్చ ఛాయ గల పాలరాతి పలకలను ఒక్కొక్కటిగా చూస్తూ నడిచింది. ఒక పలక ముందు ఆగింది. దాని మీద ఒక చెట్టు, చెట్టు కింద పీఠం, రెండు పక్కలా చేతులు జోడించిన మనుషులు. పీఠం మీద ఎవరూ లేరు.

"వీళ్ళకి చెట్టు దొరికింది" అన్నది. "పీట కూడా వేశారు. కూర్చోవలసినాయనే రాలేదా?"

నేను ఎన్నో ఏళ్ళు పిల్లలకు చెప్పిన పాఠం అది. పూర్వకాలపు శిల్పులు బుద్ధుడి రూపాన్ని చెక్కేవారు కాదనీ, ఖాళీ పీఠంతో, పాదాల గుర్తులతో ఆయన ఉనికిని సూచించేవారనీ వివరించాను. చాలామంది విద్యార్థులకన్నా శ్రద్ధగా విన్నది.

"బాగుంది పద్ధతి" అన్నది. "మనకి పీటుంది, మనిషుంది. చెట్టే లేదు."

ఆ మాటలు గుమ్మం దగ్గర నిలబడ్డ కాపలాదారు చెవిన పడ్డాయి. "ఏం చెట్టండీ?" అని అడిగాడు. గార్డుగారు సంగతి చెప్పారు.

"ఉసిరా? టీచరమ్మగారి దొడ్లో ఉందిగా. దిబ్బెనకమాల వీధి. గోడమీంచి కనపడుద్ది. చెట్టు చూడండి గానీ కాయ మాత్రం అడక్కండి. ఆవిడకి ప్రతి కాయా తెలుసు."

స్తూపం దిబ్బ చుట్టూ తిరిగి వెనక వీధికి వచ్చాము. మహారాజుల కానుకలతో, దూరదేశాల యాత్రికులతో కళకళలాడిన ఆ చోట ఇప్పుడు రెండు మేకలు గడ్డి మేస్తున్నాయి. పిల్లలను తీసుకువచ్చినప్పుడు నేను ఇక్కడ అరగంట ప్రసంగించేవాడిని. ఆ రోజు ఒక్క మాటైనా చెప్పకుండా దాటిపోయాను. వీధి మలుపులో సున్నం వేసిన ప్రహరీగోడ, దాని మీదుగా విరబోసినట్టున్న చెట్టు. కొమ్మల పొడుగునా కాయలు గోలీల్లా అంటుకుని ఉన్నాయి. అక్కయ్య వీధిలోనే నిలబడి చూసింది.

"ఇది ఉసిరి" అన్నది.

గేటుకు తాళం వేసి ఉన్నది. గేటు మీద ఇనుముతో చేసిన చిన్న శిలువ. ఊళ్ళో ఎక్కడినుంచో పాట వినవస్తున్నది. ఆదివారం, ప్రార్థన సమయం.

గార్డుగారు నన్ను పక్కకు లాగారు. "మాస్టారూ, వీళ్ళు చర్చివాళ్ళు. అక్కయ్యగారికి ఎట్లా చెప్తారు?"

నాకూ అదే సందేహం. కొంచెం ఆలోచించి, మాట కూర్చుకుని, "అక్కయ్యా, ఈ ఇంటివారు క్రైస్తవులు" అన్నాను.

"గేటు మీద శిలువుంది, చూశాను. కళ్ళు ఆననిది గార్డుగారికి, నాకు బాగానే ఉన్నయ్. వాళ్ళు రానీ." ఎదురింటి అరుగు నీడన కూలబడి, కొంగుతో విసురుకోసాగింది.

గార్డుగారు చర్చికి వెళ్ళి ఆమెను పిలుచుకు వస్తానన్నారు. ప్రార్థనలో ఉన్న మనిషిని లేపుకురావటం మర్యాద కాదని ఆపాను. కూర్చున్నాము. గాలి మళ్ళినప్పుడల్లా తాళం వేసిన ఆ ఇంటినుంచి చేపల పులుసు వాసన వస్తున్నది. మా కాలనీలో ఎక్కువమందికి మాంసాహారం నిషేధం కార్తీకంలో మాత్రమే. నెలంతా నిష్ఠగా గడిపిన మనుషులం.

"కొరమీను" అన్నారు గార్డుగారు కళ్ళు మూసుకుని. "మామిడికాయ ముక్క కాదు మాస్టారూ, చింతపండే. మెంతిపిండి కూడా పడింది."

"చింత సంగతి మీకిప్పుడు బాగా తెలిసొచ్చిందే" అన్నది అక్కయ్య.

కొంతసేపటికి వీధి చివర తెల్లచీర, నల్లగొడుగు కనిపించాయి. వయసు అరవై దాటి ఉంటుంది. నిటారుగా నడుస్తున్నది. చేతిసంచిలో బైబిలు. గేటు దగ్గర ఆగి, మా ముగ్గురినీ, మా కాళ్ళకున్న దుమ్మునూ చూసింది.

"ఎవరు కావాలండీ?"

నేను లేచి నమస్కరించి, మేము ఎవరమో, ఎందుకు వచ్చామో, మా అక్కయ్య నియమం ఏమిటో, అది ఆ పూటతో ఎందుకు ముడిపడి ఉన్నదో క్రమంగా విన్నవించాను. ఆమె గొడుగు మూయకుండా మొత్తం విన్నది.

"మీరు ఏం చేస్తుండేవారు?"

"హైస్కూలు హెడ్మాస్టరుగా చేశానండి."

"అనుకున్నా. నేను ఎలిమెంటరీ స్కూల్లో చేశాను. ఎంతమంది మీరు?"

"నలభైమంది."

"నలభైమంది నా దొడ్లో పడతారు. నేను పొద్దున ఊడ్చిన ఊడుపు మాత్రం మిగలదు."

"పంక్తులు తీర్చి కూర్చోబెడతాను" అన్నాను.

"హైస్కూలు వాళ్ళు పంక్తి బాగానే తీరుస్తారండీ. చెత్త మేం ఎత్తుతాం."

ఇరవై ఏళ్ళుగా ఎవరూ నాతో ఆ స్వరంతో మాట్లాడలేదు. అక్కయ్య ముఖంలో మొదటిసారిగా నవ్వు కనిపించింది. అరుగు మీదనుంచి లేవబోయి కొంచెం తూలింది. టీచరుగారు గొడుగు నా చేతిలో పెట్టి, ఆవిడ మోచెయ్యి పట్టుకుని, తాళం తీసి, నేరుగా చెట్టు నీడకు నడిపించి మంచం వాల్చింది. ఆ తరవాత షరతులు చెప్పింది. చెప్పులు గేటు బయట. పొయ్యి దొడ్లోకి రాకూడదు. కొమ్మ విరవకూడదు. కాయ కోయకూడదు. తిన్న ఆకులన్నీ ఒక్క గంపలోకి చేరాలి. అన్నిటికీ తల ఊపాను. ఇటువంటి షరతులు విధించటమే తప్ప అంగీకరించటం నాకు కొత్త.

"దీపం పెట్టుకోవచ్చా అమ్మా?" అని అడిగింది అక్కయ్య.

"నేలమీద పెట్టుకోండి. కొమ్మకి సెగ తగలకుండా. చెట్టుకి పసుపూ బొట్లూ మాత్రం వద్దండీ. మా సంఘంలో మాటొస్తుంది."

"వద్దంటే మానేస్తాను. నాకు నీడ ముఖ్యం. కానీ నాదీ ఒక మాట. చెట్టుగల ఇల్లాలు ఎడంగా ఉండగా ఆ చెట్టు కింద నేను తినను. మా అత్తగారు నేర్పిన పద్ధతి. మీరూ నా పక్కన విస్తరి వేసుకోవాలి."

టీచరుగారి ముఖం మొదటిసారి ఇబ్బందిగా మారింది.

"పులుసు పెట్టుకున్నానండీ."

"రాత్రికి ఇంకా బాగుంటుంది. ఊరాలి."

టీచరుగారు ఆవిడను కొత్తగా చూసింది. "మీరు తింటారా?"

"ఎల్లుండినుంచి."

గార్డుగారు గట్టిగా నిట్టూర్చారు. టీచరుగారు నవ్వింది గానీ తల అడ్డంగా ఊపింది. "అది కాదమ్మా. మీరు వండినవి చెట్టుకో దేవుడికో పెట్టాక తింటారు గదా. అట్లా పెట్టింది మేం ముట్టం. మీకు మీ నియమం ఎట్లాగో, మాకిదీ అంతే."

అక్కయ్య కాదనలేదు. నియమం గల మనిషి కనుక, ఎదుటి నియమాన్ని వెంటనే గుర్తుపట్టింది. కానీ చిక్కు విడలేదు. నైవేద్యం కాకుండా అక్కయ్య తినదు. నైవేద్యమైనది టీచరుగారు తినదు. టీచరుగారు పక్కన కూర్చోనిదే అక్కయ్య ముద్ద ఎత్తదు. ఇద్దరిలో ఎవరూ అవతలివారిని తప్పుపట్టటం లేదు, ఎవరూ కదలటమూ లేదు. మంచం మీద కూర్చున్న అక్కయ్య పెదవులు ఎండిపోయి ఉన్నాయి. వీధిలో ఎండ నడినెత్తినుంచి అప్పుడే కొంచెం వాలుతున్నది. కృష్ణ ఒడ్డున అన్నం వార్చి ఉంటారు. లాంచివాడు మధ్యాహ్నం కునుకు తీస్తూ ఉంటాడు.

నాకు జీవితంలో తెలిసిన విద్య ఒక్కటే: ఏది ముందు, ఏది తరవాత అన్నది తేల్చటం.

"వడ్డన ముందు కానివ్వండి" అన్నాను. "వంట రాగానే, దీపం పెట్టకముందే, టీచరుగారి విస్తరిలో అన్నీ వడ్డిద్దాము. అది దేనికీ చూపించనిది. ఆ తరవాత మిగిలినదానికి నైవేద్యం. ఆ తరవాత మన విస్తళ్ళు. తినటం మాత్రం అందరూ ఒక్కసారే."

"నైవేద్యానికి ముందే తీస్తే ఎంగిలి కాదూ?" అన్నారు గార్డుగారు.

అక్కయ్య ఆలోచించింది. "వడ్డిస్తే ఎంగిలి కాదు, తింటే ఎంగిలి. ఆవిడ అప్పటిదాకా ముద్ద ముట్టదుగా?"

"ముట్టను" అన్నది టీచరుగారు. "ప్రార్థన చేసుకుని, మీరు మొదలుపెట్టాకే మొదలుపెడతాను."

"అయితే సరే." అక్కయ్య నా వైపు తిరిగింది. "ఇంతకాలం నువ్వు గంటలు కొట్టినందుకు ఇవాళ పనికొచ్చింది."

గార్డుగారు తోటకు పరుగెత్తారు. అరగంట తిరగకముందే దిబ్బ వెనక వీధిలోకి మా ఊరేగింపు ప్రవేశించింది. కావిళ్ళకు కట్టిన గంగాళాలు, బకెట్లలో పప్పు, పులుసు, నెత్తిమీద అరిటాకుల కట్టలు, పిల్లల చేతుల్లో గ్లాసులు. గార్డుగారు ముందు నడుస్తూ తువ్వాలు ఊపి దారి చూపుతున్నారు. మ్యూజియం కాపలాదారు గేటు దాకా వచ్చి నిలబడి చూశాడు. చెప్పులన్నీ గోడ వెంట జతలు జతలుగా పెట్టించాను. ఒక జత వంకరగా ఉంటే టీచరుగారు వచ్చి సరిచేసింది.

అనుకున్న వరసలోనే జరిగింది. మొదట టీచరుగారి ఆకులో వడ్డించాము: పులిహోర, కందా బచ్చలి కూర, గుత్తివంకాయ, ముద్దపప్పు, బూరె. ఆమె ఆకు ముందు చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఆ పక్కనే అక్కయ్య నేలమీద దీపం వెలిగించి, చెట్టు మొదట్లో చెంబెడు నీళ్ళు పోసి, పసుపు లేకుండా, బొట్టు లేకుండా, నమస్కరించింది. ఆ తరవాత మా విస్తళ్ళు. చెట్టు నీడ నలభైమందికి చాలలేదు. మిగిలినవాళ్ళము ఎండ పొడలో కూర్చున్నాము. నీడంతా వాళ్ళిద్దరిదీ, పిల్లలదీ. టీచరుగారు కళ్ళు మూసుకుని పెదవులు కదిపింది. అంతవరకు దొడ్లో పిల్లలతో సహా ఒక్కరూ మాట్లాడలేదు. నా ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో అంత క్రమశిక్షణ నేను సాధించలేదు.

అక్కయ్య మొదటి ముద్ద పప్పన్నంలో నెయ్యి వేసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలి మింగేదాకా నేను నా ఆకు వైపు చూడలేదు. ఆవిడ తల ఎత్తి, "ఉప్పు సరిపోయింది. తినరా" అన్నది. అప్పుడు తిన్నాను.

వాళ్ళిద్దరూ ఏమి మాట్లాడుకున్నారో నాకు పూర్తిగా వినపడలేదు. ఆవకాయలో మెంతులు వేయటం గురించి కొంత, మోకాళ్ళ నొప్పుల గురించి కొంత. గుత్తివంకాయలో కారం తక్కువైందన్న విషయంలో ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది. గార్డుగారు మూడోసారి పులిహోర అడిగితే, "చింతపండేనండోయ్, చూసుకోండి" అన్నది అక్కయ్య. టీచరుగారికి కథ తెలియదు. తెలిశాక కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది.

ఇంతలో రేవునుంచి లాంచి కూత వినిపించింది. నేను లేచి, మగవాళ్ళను రెండు జట్లుగా చేసి, ఆకులు గంపకెత్తించటం, మెతుకులు ఏరించటం మొదలుపెట్టాను. టీచరుగారు కూర్చున్నచోటనుంచే, "ఆ మూల ఒక మెతుకుంది మాస్టారూ" అని చెబుతున్నది. నేనే వంగి తీశాను. రెండోసారి కూత వినిపించింది. దొడ్డి మొత్తం ఖాళీ అయింది. గంగాళాలు గేటు దాటాయి. చెట్టు కింద రెండు ఆకులు మాత్రమే మిగిలాయి. టీచరుగారు తినటం పూర్తిచేసి కూడా లేవకుండా కూర్చున్నది. అక్కయ్య ఇంకా పెరుగన్నం దగ్గర ఉన్నది. ఒక్కొక్క ముద్దా నింపాదిగా, తీరిగ్గా, కాపురానికి వచ్చిన నాటినుంచి ఇంతే అన్నట్టు తింటున్నది.

నేను చేతి గడియారం చూసుకున్నాను. మళ్ళీ చూసుకున్నాను.

"మాస్టారూ" అన్నది టీచరుగారు. "పెద్దావిడ తింటున్నారు. ఆ గడియారం తీసి జేబులో పెట్టుకోండి."

పెట్టుకున్నాను. లాంచి మూడోసారి కూసింది. అక్కయ్య ఆకులో అన్నం మధ్యన గుంట చేసి, ఇంకొంచెం మజ్జిగ పొయ్యమన్నది.